అత్తగారి నవ్వులో కరిగిన మందు

రోజూ పొద్దున్నే గాజు పాత్రల్లో నీళ్ళు వెచ్చబెట్టి, ఒక్కోదాంట్లో ఒక్కో మాత్ర వేసి, తెడ్లు తిరుగుతుంటే చూస్తూ కూర్చోవడం కోడలి పని. మందుల కంపెనీలో ఆమె ఉద్యోగమే అది. మాత్రయితే చక్కగా విడిపోయేది. అందులోని మందు మాత్రం నీళ్ళలో కలవనంటే కలవనని భీష్మించుకు కూర్చునేది. కరగని మందు ఒంటికి పట్టదు, వచ్చిన దారినే పోతుంది.

ఆ మందు కోసం ఎదురుచూస్తున్నవాడు ఆమె మరిదే. ఊపిరితిత్తుల జబ్బు. రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటాడు. ఈ నెలాఖరుకి మాత్ర కుదరకపోతే ఆ పనే ఆపేస్తామంది కంపెనీ.

నీళ్ళంటే ప్రాణమిచ్చే జిగురుపొడితో ఏకం చేస్తే మందు కరుగుతుందని కోడలికి తెలుసు. రెండింటినీ కరిగించి కలిపే ద్రవమే దొరకలేదు.

“ఇక మీ అత్తగారే దిక్కమ్మా,” అన్నాడు లాబ్ పెద్దాయన.

అత్తగారు నవ్వితే దగ్గరున్న పొడులన్నీ కరిగిపోతాయి. అందుకే వాళ్ళింట్లో ఉప్పూ పంచదారా మేడమీద ఉండేవి. చిన్నకొడుకు మంచం పట్టాక ఆవిడ నవ్వడం మానేసింది, డబ్బాలు వంటింట్లోకి దిగాయి.

టోపీ, మాస్కు తగిలించి ఆవిణ్ణి లాబ్‌లో కూర్చోబెట్టారు. ముందు రెండు పొడులూ కలిపిన పళ్ళెం. తలా ఓ జోకు వేశారు. ఆవిడ ఉలకలేదు, పలకలేదు. చివరికి కోడలు సిగ్గు విడిచింది.

“అసలు సంగతి చెప్పనా అత్తయ్యా? ఎంత మెత్తగా ఉంటే అంత త్వరగా కరుగుతుందని నెలల తరబడి దీన్ని పొడి చేయించాను. మరీ మెత్తనైపోయి, ఒకదాన్నొకటి కరుచుకుని, మొదటికంటే పెద్ద ఉండలు కట్టి నీళ్ళమీద తేలింది.”

“పొడి చెయ్యబోయి ఉండలు చేశావా! దానికి ఇంత చదువెందుకే, పిచ్చిదానా!”

అత్తగారు పకపకా నవ్వేసింది. పళ్ళెంలో పొడులు రెండూ చిక్కటి పాకమైపోయాయి. పెద్దాయన జేబులోని తలనొప్పి బిళ్ళ కూడా పనిలోపనిగా కరిగింది.

“ఆగకండి అత్తయ్యా, ఇంకాస్త!” కోడలు పళ్ళేన్ని ఆవిడ దగ్గరికి జరిపింది.

పాకాన్ని గబగబా ఆరబెట్టారు. నిదానిస్తే రెండూ విడిపోయి దేని దారి అది చూసుకుంటాయి. గాజుపెచ్చుల్లా వచ్చినదాన్ని నూరి మాత్రలు కొట్టారు. నీళ్ళలో వేశారు. తెడ్డు తిరిగింది. మాత్ర విడిపోయింది, మందు నీళ్ళలో కలిసిపోయింది! కోడలు పెద్దాయన వయసు కూడా మరిచి ఆయన చేతులు పట్టుకుని గెంతింది. ఇంత సంతోషం ఆమె ఎన్నడూ ఎరగదు.

పరీక్షలూ అనుమతులూ దాటుకుని ఆ మాత్ర ఇంటికొచ్చింది. మరిది వాడుతున్నాడు. అత్తగారు మంచం పక్కనే కూర్చుని కొడుకు మొహమే చూస్తోంది. ఒకరోజు వాడికి విసుగొచ్చింది.

“ఎందుకమ్మా అలా గుడ్లప్పగించి చూస్తావు, నేనేమన్నా పారిపోతానా, ఆ కిటికీ తెరిచి నీ పనేదో నువ్వు చూసుకోరాదూ!”

ఊపిరి కోసం వాడు ఎక్కడా ఆగలేదు.

“మళ్ళీ తిట్టరా నాయనా,” అంది అత్తగారు.