రోము పెంకులు

తిప్పమ్మ వంటిల్లు సగం అలికేసరికి ఈరమ్మ మట్టికుండలన్నీ వీధిలోకి చేరవేసింది. తిప్పమ్మ అత్తగారు పోయి అది పదో రోజు. చావు జరిగిన ఇంట్లో పాత మట్టి ఉండకూడదు. కుండలు పగలగొట్టి పారేసి, కొత్తవి తెచ్చుకోవాలి. ఆ పని దగ్గరుండి చేయించడానికే మొగుడు నరసన్న మేనత్త ఈరమ్మ గోనెగండ్ల నుంచి వచ్చింది.

చివరికి ఆమె నరసన్న గదిలోంచి వెదురుబుట్ట నెత్తిన పెట్టుకొని బయటికొచ్చింది. తిప్పమ్మ చెయ్యి పేడనీళ్లలోనే ఆగిపోయింది.

ఆదోని బడిలో చరిత్ర చెప్పే నరసన్న, ఏడేళ్లుగా ఆదివారం వస్తే సైకిలేసుకొని చేలగట్ల వెంట తిరిగి ఏరిన పెంకులవి. రెండువేల ఏళ్ల కిందట రోము పట్నంవాళ్లు సముద్రం దాటి వచ్చి, తుంగభద్ర పక్కన ఇళ్లు కట్టుకొని నిలిచిపోయారని ఆయన పుస్తకం రాస్తున్నాడు. గట్టి రుజువు ఒక్కటే: మూడక్షరాల ముద్ర ఉన్న ద్రాక్షసారా జాడీ పిడి. దాన్ని చూడడానికి రేపు మద్రాసు నుంచి ప్రొఫెసరు వస్తున్నాడు. ఆయన ఔనంటేనే పుస్తకం అచ్చుకెక్కేది.

ఆ పెంకులను ప్రతి సోమవారం కొబ్బరిపీచుతో తోమింది తిప్పమ్మే. అత్తగారి పక్కగుడ్డలు ఉతికి, ఆ చేతులతోనే వాటినీ కడిగేది. ఇప్పుడు ఒక్క మాట అంటే ఈరమ్మ ఆగేది. కానీ తిప్పమ్మకు నడుం పట్టేసి ఉంది. పిలవడానికి కూడా ఓపిక లేకపోయింది. తల వంచుకొని మళ్లీ అలకడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం నరసన్న మంత్రాలయంలో ఏటి ఒడ్డున కర్మ ముగించుకొని, గుండుతో బస్సు దిగి వచ్చాడు. గదిలోకి పోయినవాడు వెంటనే బయటికొచ్చాడు.

"అత్తా, నా బుట్ట యాడ?"

"దిబ్బలో ఏసినా. రాయితో కొట్టి మరీ ఏసినా. మీ యమ్మ పోయినింట్లో పాత మట్టి పెట్టుకుంటారా అప్పా?"

"అవి రెండువేల ఏండ్ల నాటివత్తా!"

"అట్లయితే ఎప్పుడో పారేయాల్సినవే. ఆ కుండలోళ్ల ఇంట్లో ఎంతమంది సచ్చినారో ఏమో!"

నరసన్న గడప మీద కూలబడ్డాడు. భార్య వైపు తిరిగాడు.

"నువ్వు సూడలేదా?"

"సూసినా."

"మరి సెప్పలేదే?"

"దాన్నేమంటావు రా," అంది ఈరమ్మ. "పది దినాలాయ, అది నడుం వాల్చి."

తిప్పమ్మ చేతులు కడుక్కుంది. ఆ పిడి అంచు ఎక్కడ గరుకో, ఏ అక్షరం గుంటలో మట్టి ఇరుక్కుంటుందో ఆయనకన్నా ఆమె వేళ్లకే బాగా తెలుసు. గోడకున్న జల్లెడ తీసుకొని, గడప మీద కూర్చున్న మొగుణ్ణి తప్పుకొని, దిబ్బవైపు నడిచింది.