సబ్బు మీద మోపిన నేరం

మాస్టారు పొరపాటున కూడా పొరపాటు చెయ్యని మనిషి. అలాంటి మనిషితో కాపురం ఎంత కష్టమో ఆయన భార్యని అడగాలి. పాలు పొంగితే తప్పు స్టవ్వుది. బస్సులో గొడుగు మరిచిపోతే తప్పు వానది, మధ్యలో ఆగిపోయినందుకు. లెక్కల మాస్టారు కదా, జవాబు ముందే తేల్చేసుకుని లెక్క తర్వాత చేస్తారు.

మూడేళ్ళ కిందట కడుపునొప్పి అంటే ఆసుపత్రిలో, లోపలి భాగాలు స్పష్టంగా కనపడేలా చేసే డై మందు నరంలోకి ఎక్కించి స్కాన్ తీశారు. ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డారో లేదో, ఒళ్ళంతా దద్దుర్లు. గోక్కుంటూనే తీర్పు చెప్పేశారు.

"మీ అన్నయ్య అంటగట్టిన బట్టల సబ్బు!"

ఆవిడ అన్నగారిది సబ్బుల దుకాణం. ఆయన పంపిన సబ్బు ప్యాకెట్ ఇంకా విప్పనే లేదని ఆవిడ తెచ్చి ముక్కు ముందు పెట్టింది.

"వాసన చాలదూ?" అన్నారు మాస్టారు.

ఆ రోజు నుంచి ఆయన బట్టలకు వేరే బకెట్టు, వేరే సబ్బు. బావమరిదితో మాటల్లేవు. ఏ చుట్టం దొరికినా "చావు తప్పించుకున్నా" కథ మాత్రం ఉచితం.

ఇప్పుడు మాస్టారి ఎడమ కాలు తొడదాకా వాచింది. రక్తం ఎక్కడో గడ్డకట్టి ఉంటుందని డాక్టరమ్మ అనుమానం. మామూలు స్కానులో పొత్తికడుపు లోపలి సిరలు సరిగ్గా కనపడక, ఆ సిరలకే డై ఎక్కించి తీసే సీటీ స్కాన్ రాసింది.

వెనకాల ముడులేసిన ఆసుపత్రి గౌనులో మాస్టారు బల్ల మీద పడుకున్నారు. చేతికి సూది పెట్టి, నర్సు అడగడం మొదలుపెట్టింది.

"ఉంగరం, బెల్టు తీసేశారా సార్?"

"ఆఁ."

"కిడ్నీ పరీక్ష బాగానే ఉంది. డై ఎక్కేటప్పుడు ఒళ్ళంతా వెచ్చబడుతుంది. పక్క తడిపేసుకున్నట్టు కూడా అనిపిస్తుంది. ఉత్తదే, కంగారు పడకండి."

"నాకలాంటివి అనిపించవు."

"ఇంతకుముందు డై ఎక్కించాక దద్దుర్లు, ఆయాసం ఏమన్నా వచ్చాయా?"

"అబ్బే!"

తలుపు దగ్గర, ఆయన కళ్ళజోడూ ఉంగరమూ గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డ ఆవిడ ఒక అడుగు లోపలికి వేసింది. మూడేళ్ళూ బకెట్లు మోసింది, మాట పడింది, నవ్వి ఊరుకుంది. కానీ ఈసారి ఊరుకుంటే ఈ గదిలోంచి మనిషి ఎలా బయటికొస్తాడో తెలీదు.

"వచ్చాయమ్మా. ఒళ్ళంతా వచ్చాయి," అంది.

"అది సబ్బు!" బల్ల మీంచి కేక.

నర్సు డై ఎక్కించే మిషను ఆన్ చెయ్యకుండా ఆగి డాక్టరమ్మను పిలిచింది. డాక్టరమ్మ వచ్చీరాగానే సంగతి తేల్చమంది.

"చూడండి మాస్టారూ, డై పడకే దద్దుర్లు వచ్చి ఉంటే, ఈసారి గొంతు బిగిసి ఊపిరాడకపోవచ్చు. అలా అయితే ముందుగా మందులిచ్చి, సాయంత్రం జాగ్రత్తగా తీస్తాం. లేదా వేరే రకం స్కాన్ చూస్తాం. సబ్బే అంటారా, ఇప్పుడే ఎక్కించేస్తాం. ఏది?"

మాస్టారు తలుపు వైపు తల తిప్పారు.

"ఏమోయ్," అన్నారు నెమ్మదిగా, "ఆ ప్యాకెట్టు... నిజంగానే విప్పలేదా?"

"ఇప్పటికీ అటక మీద అలాగే ఉంది. దించమంటారా? వాసన చూసి చెబుదురుగాని."

నర్సు మొహం పక్కకి తిప్పుకుంది. స్కాన్ మిషను కింద, గౌనులో, కళ్ళజోడు లేకుండా, మాస్టారు ఎన్నడూ లేనంత చిన్నగా కనిపించారు.

"డై వల్లే," గొణిగారు.

"వినపడలేదండీ," అంది భార్య.

"డై వల్లేనే!" స్కాన్ గది అద్దం అవతల కూర్చున్న వాళ్ళు కూడా తలెత్తారు. "సబ్బు తప్పేం లేదు. మీ అన్నయ్య తప్పూ లేదు. నేనే తప్పు చెప్పాను. చాలా?"

"మా అన్నయ్యకి ఫోన్ కలుపుతా," అంది ఆవిడ, కళ్ళు తుడుచుకుంటూ. "ఇదే గొంతుతో ఇంకోసారి చెప్పండి."