మెట్ల కింది బోర్డు

బట్టల మిల్లుల మధ్య ఉన్న గోడాదరాలోని ఒక ఇంట్లో కింద సాంబయ్య దారం చుట్టే మిషన్ నడిపేవాడు. మేడ మీద తమ్ముడు సోమలింగం, అతని భార్య భూదేవి ఉండేవారు. భార్య పోయినప్పటి నుంచి సాంబయ్య తిండి కూడా భూదేవి చేతిదే.

కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు భూదేవికి ఊపిరాడలేదు. ఆసుపత్రుల్లో మంచాలు ఖాళీ లేవు. డాక్టరు చెప్పినట్టు ఇంట్లోనే ఆక్సిజన్ మిషన్ పెట్టారు. మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా చేసే సోమలింగం సెలవు పెట్టి ఆమె దగ్గరే కూర్చున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయి ఆక్సిజన్ మిషన్ ఆగింది. సోమలింగం పరుగున దిగి, మెట్ల కింది బోర్డులో, లోడు ఎక్కువైతే పడిపోయే మెయిన్ స్విచ్ ఎంసీబీని పైకెత్తాడు. కాసేపటికి మళ్లీ పడింది. దాన్ని మళ్లీ ఎత్తి పైకెళ్లేసరికి భూదేవి ఎగశ్వాసతో మంచం పట్టె పట్టుకుని ఉంది.

ఆమె కుదుటపడ్డాక అతను బోర్డు మూత విప్పాడు. ఇంటి మొత్తానికి మెయిన్ ముప్పై రెండు ఆంప్స్‌ది. అన్న మిషన్‌కు తను పెట్టిన పదహారు ఆంప్స్‌ది లేదు. దాని చోట నలభైది ఉంది.

“ఇదెవరు మార్చిండ్రన్నా?”

“నేనే తమ్మీ. దారం చిక్కి మోటార్ బిగుసుకున్నప్పుడల్లా చిన్నది పడుతుండె. పెద్దదైతే ఆగకుంట నడుస్తదనుకున్న.”

“చిన్నది పడితే నీ మిషనొక్కటే ఆగుతది. గిప్పుడు నీది పడుతలేదు, మెయిన్ పడుతున్నది. పైన ఆమెకు గాలి ఆగుతున్నది.”

సాంబయ్య మేడ వైపు చూశాడు. “నా మూలంగనా?”

“నీకు తెల్వక చేసినవ్. సరైనది పెడ్త.”

“పెట్టు. ఆమె లేసేదాక మాత్రం నేను మిషన్ ముట్ట.”

అన్నట్టే ముట్టలేదు. కొన్నాళ్లకు భూదేవే అడిగింది. “కింద సప్పుడు లేదేంది? పని లేకుంట బావకెట్ల? నడపమను.”

సాంబయ్య భయపడుతూనే స్విచ్ వేశాడు. సాయంత్రం దారం చిక్కి మోటార్ బిగుసుకుంది, చిన్న ఎంసీబీ పడి మిషన్ ఆగింది. అతను మెట్లెక్కి, మూతికి రుమాలు అడ్డం పెట్టుకుని గడప అవతల నిలబడ్డాడు.

“బిడ్డా, గాలి వస్తున్నదా?”

“వస్తున్నది బావా. నీ మిషన్ ఆగినట్టుందిగా.”

“ఆగనీ” అన్నాడు. మెట్లు దిగి, చిక్కిన దారం తీయడానికి కూర్చున్నాడు.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున ఆమె గోడ పట్టుకుని కిందికి దిగింది. సాంబయ్య కుర్చీ జరిపాడు.

“చాయ్ పెట్టనా బావా?”

“నువ్వు కూసో. నేను పెడ్త. శక్కెర ఎంతెయ్యాలె?”