తెసాయ్ టీకాలు వేయించుకున్న రోజు

ఫిలిప్పీన్స్‌లోని గిమారస్ దీవిలో మామిడి కోతలు జోరుగా సాగే రోజుల్లో నెస్టర్ ఇంటిపట్టున దొరికేవాడు కాదు. మోటారుసైకిలుకు పక్కన డొప్ప తగిలించిన అతని ట్రైసికిల్ తోటల నుంచి రేవుకు గంపలు మోస్తూ పొద్దంతా తిరుగుతూనే ఉండేది. మనిషి తాటిమాను లాంటివాడు. ఇద్దరు ఎత్తాల్సిన గంపను ఒక్కడే భుజానికెత్తుకునేవాడు. అలాంటివాడు సూదిని చూస్తే చెమటలు పట్టి చతికిలబడతాడని ఊరంతటికీ తెలుసు. ఒకసారి స్నేహితులతో కలిసి రక్తం ఇవ్వడానికి వెళ్లి, తన వంతు రాకముందే, పక్కవాడి చేతికి సూది గుచ్చడం చూసి కుప్పకూలాడు. ఆ ముచ్చట రేవులో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు.

అతని ఒక్కగానొక్క కూతురు తెరెసిత. ఇంటా బయటా అందరూ తెసాయ్ అనే పిలుస్తారు. జూన్‌లో బడి తెరిస్తే చేరాలి. పేరు రాయించడానికి వెళ్లినప్పుడు టీచరమ్మ పిల్ల టీకాల కార్డు తిరగేసి, "రెండు మిగిలిపోయాయి. బడి తెరిచేలోపు వేయించేయండి" అంది. ఆమె మామూలుగానే అంది. ఆ రాత్రి భోజనాల దగ్గర మాత్రం ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

ఎందుకంటే కిందటిసారి జరిగింది ఎవరూ మర్చిపోలేదు. నెస్టర్ తల్లి లోలా పినాంగ్, అంటే పినాంగ్ నానమ్మ, మనవరాలికి ఐస్‌క్రీం కొనిపెడతానని ఆశపెట్టి ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయింది. లోపలికి వెళ్లాక గానీ పిల్లకు సంగతి తెలియలేదు. తెలిశాక గింజుకుంది. కాళ్లు ఒకరు, చేతులు ఒకరు పట్టుకుని ఎలాగో పని కానిచ్చారు. నెస్టర్ బయట గోడకు ఆనుకుని చెవులు మూసుకున్నాడు. ఆనాటి నుంచి ఐస్‌క్రీం బండి గంట వినబడితే చాలు, తెసాయ్ మంచం కిందికి దూరేది.

పిల్ల నిద్రపోయాక నెస్టర్ భార్య లోర్నా గొంతు తగ్గించి అంది: "నాకు షెడ్డులో సెలవు దొరకదు. పళ్లు ఎండబెట్టే పని ఒక్కరోజు ఆగినా కుళ్లిపోతాయి. నువ్వే తీసుకెళ్లాలి."

"నేనా?" అన్నాడు నెస్టర్.

"నువ్వు కాకపోతే మీ నాన్న లేచొస్తాడా సమాధిలోంచి?" అంది లోలా పినాంగ్. "ఇందులో ఏముందిరా. రేవులో పడవలు చూపిస్తానని చెప్పు. బండెక్కించు. సరాసరి అక్కడ దించు."

"ఈసారి పడవల మీద విరక్తి పుట్టిద్దామా అమ్మా? రేవుకి ఆనుకుని ఉన్న ఊళ్లో పడవ కనబడని చోటు ఎక్కడుంది?"

లోర్నా పకపకా నవ్వేసి నోరు మూసుకుంది. ముసలావిడకు మాత్రం కోపమొచ్చింది. "పిల్లలకి నిజం చెప్పి ఎవరు పెంచారు? నిన్ను నేను నిజం చెప్పే పెంచానా?"

"అందుకేగా ఇలా తయారయ్యాను" అన్నాడు నెస్టర్. సరదాకి అన్న మాటే గానీ, అన్నాక తనే కాసేపు ఆలోచనలో పడ్డాడు.

మర్నాడు గంపలు దించి వస్తూ ఆరోగ్య కేంద్రం ముందు బండి ఆపాడు. నర్సమ్మ సొలెదాద్ వరండాలో దూది ఉండలు చేస్తోంది. ఆ ఊళ్లో చాలామందిని పుట్టగానే చేతుల్లోకి అందుకున్న మనిషి. ఎవరితోనైనా నిర్మొహమాటంగా మాట్లాడుతుంది.

"ఏంటి నెస్టర్, కళ్లు తిరుగుతున్నాయా? ఇంకా లోపలికే రాలేదుగా" అంది.

అతను నవ్వి, టోపీ తీసి చేత్తో నలుపుతూ విషయం చెప్పాడు. ఆవిడ పని ఆపకుండానే విన్నది.

"ముందు అబద్ధం మానండి. నొప్పి ఉండదని చెప్పొద్దు. ఉంటుంది. అలాగని వారం ముందు నుంచీ ఊదరగొట్టి దాని నిద్ర చెడగొట్టొద్దు. ఒకటి రెండు రోజుల ముందు చెప్పు. బొమ్మకి సూది వేసే ఆట ఆడనివ్వు. ఏ చెయ్యి ముందో దాన్నే చెప్పనివ్వు. నీ ఒళ్లో కూర్చోబెట్టుకుని గట్టిగా వాటేసుకో. ఆ క్షణానికి వేడి గంజి మీద ఊదినట్టు మెల్లగా ఊదమను. ఏడవద్దని మాత్రం అనకు. ఏడిస్తే ఏం, ఏడవనీ. కదలకుండా ఉంటే చాలు."

"అంతేనా?"

"అంతే. మరి నువ్వెక్కడుంటావు? ఆ గోడ దగ్గరేనా?"

నెస్టర్ గోడ వైపు చూశాడు. "లోపలే ఉంటాను" అన్నాడు. ఆ మాట నోట్లోంచి వచ్చేసరికే అరచేతులు తడిసిపోయాయి.

టీకాల రోజుకు రెండు రోజుల ముందు, సాయంత్రం పూట తెసాయ్‌ని బండి డొప్పలో కూర్చోబెట్టుకుని తోటల వైపు వెళ్లాడు. ఒక మామిడిచెట్టు నీడన ఆపి, చల్లగా మొదలుపెట్టాడు.

"తెసాయ్, బడికి వెళ్లేముందు రెండు టీకాలు వేయించుకోవాలి. ఎల్లుండి. నేను తీసుకెళ్తాను."

పిల్ల అతని కళ్లలోకి చూసింది. "ఐస్‌క్రీం ఉండదా?"

"ఉండదు. టీకాలే."

"నొప్పెడుతుందా?"

"పెడుతుంది."

ఇంతవరకూ ఈ ప్రశ్నకు ఎవరూ ఈ జవాబు చెప్పలేదు. తెసాయ్ ఏడుపు మొదలుపెట్టబోయి, ఆగింది. "ఎంత?"

నెస్టర్ పైన కొమ్మల్లో ఆకులు కలిపి కట్టిన ఎర్రచీమల గూడు చూపించాడు. "మొన్న నిన్ను కుట్టిందే, అంత. కుట్టినప్పుడు చుర్రుమంటుంది. తర్వాత కాసేపు సలుపుతుంది. తర్వాత మర్చిపోతావు."

"నీకెలా తెలుసు? నువ్వు పడిపోయావని డోడాంగ్ మావయ్య చెప్పాడు."

ఊళ్లోవాళ్ల మీద పళ్లు నూరుకుందామనిపించింది నెస్టర్‌కి. కానీ దాచి లాభం లేదనుకున్నాడు. "నిజమే. నాకు సూదంటే భయం. పెద్దయ్యాక కూడా పోలేదు."

తెసాయ్ మొహం వెలిగింది. నాన్నకు భయమా? గంపలు మోసే నాన్నకు? ఆ కబురు దానికి టీకాల కంటే పెద్దదై కూర్చుంది. దారి పొడవునా అదే అడిగింది. చీకటంటే భయమా, దయ్యాలంటే భయమా, లోలా అంటే భయమా? చివరి దానికి అతను "అప్పుడప్పుడు" అన్నాడు.

ఆ రాత్రి నుంచి ఆ ఇల్లు ఆసుపత్రి అయిపోయింది. తెసాయ్ పెన్ను మూత ఒకటి పట్టుకుని గుడ్డబొమ్మకు వేసింది, కుక్కకు వేసింది, గోడకు వేసింది. తల్లికి వేసింది. చివరకు లోలా పినాంగ్ చెయ్యి జాచక తప్పలేదు.

"అబ్బా" అంది ముసలావిడ, మరీ ఎక్కువ నటిస్తూ.

"కదలకూడదు లోలా. ఊదాలి. వేడి గంజి అనుకో."

"నా నోట్లో పళ్లెక్కడున్నాయే, ఊదితే గాలంతా పక్కకి పోతుంది."

"పోతే పోనీ. కళ్లు మూసుకో. అయిపోయింది. ధైర్యవంతురాలివి." అని వీపు తట్టింది.

లోలా పినాంగ్ మనవరాలి వంక చాలాసేపు చూసింది. తర్వాత కొడుకు వైపు తిరిగి, "ఇదేదో బాగానే ఉందిరా" అని గొణిగింది. పడవల మాట మళ్లీ ఎత్తలేదు.

తెసాయ్ ఆఖర్న తండ్రి దగ్గరికొచ్చింది. పెన్ను మూతే అయినా నెస్టర్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. "నాన్నా, నువ్వు ఇంకా ప్రాక్టీసు చెయ్యాలి" అంది పిల్ల, పెదవి విరుస్తూ.

ఎల్లుండి రానే వచ్చింది. ఆరోగ్య కేంద్రం ముందు తల్లులు, పిల్లలు కిటకిటలాడుతున్నారు. లోపలి నుంచి ఒక పసిబిడ్డ ఏడుపు చెవులు చిల్లులు పడేలా వినబడుతోంది. ఆ ఏడుపు విని బయటి పిల్లలు ఏడుస్తున్నారు. వరుసలో ఉన్న ఒకావిడ కూతురి జబ్బ పట్టుకుని, "నోరు ముయ్యకపోతే నర్సమ్మకు చెప్పి ఇంకోటి పొడిపిస్తా" అంటోంది. పసుపు గౌను వేసుకున్న ఆ పిల్ల వెక్కిళ్లు పెడుతూ బెంచీ కిందికి పాకింది.

తెసాయ్ అది చూసింది. నెస్టర్ చెయ్యి వదిలేసి వెనక్కి పరుగెత్తి, బండి డొప్పలో ఎక్కి, మోకాళ్లలో తల దాచుకుంది.

నెస్టర్‌కు ఒక్క క్షణం పట్టదు, ఎత్తుకుని లోపలికి నడవడానికి. కోడిపిల్లంత బరువు కూడా ఉండదు అది. అక్కడున్న తల్లులు కూడా దానికే ఎదురుచూస్తున్నారు. "ఎత్తుకొచ్చెయ్ బాబూ, ఎంతసేపు బతిమాలతావు" అంది ఒకావిడ. అతను ఎత్తలేదు. వెళ్లి బండి పక్కన నేల మీద కూర్చున్నాడు. ఎండ మాడ్చేస్తోంది.

"నేను రాను" అంది తెసాయ్.

"సరే, కాసేపు కూర్చుందాం. కానీ తలుపు మూసేలోపు వెళ్లాలి. వేయించుకోకుండా ఇంటికి పోము. అది మాత్రం మారదు."

తెసాయ్ మోకాళ్లలోంచే మళ్లీ గొంతు విప్పింది.

"నేను ఏడిస్తే టీచరుకి తెలుస్తుందా?"

"తెలిస్తే ఏం? ఏడవడం తప్పు కాదు."

"నువ్వు ఏడుస్తావా?"

"ఏమో. పడిపోవచ్చు."

పిల్ల మోకాళ్లలోంచి తల ఎత్తింది. తండ్రి మొహం నిజంగానే పాలిపోయి ఉంది. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. తెసాయ్ కాసేపు అలాగే చూసి, డొప్పలోంచి దిగింది. అతని చూపుడు వేలు పట్టుకుని లాగింది. "రా. నువ్వు కుర్చీలో కూర్చో. నేను నీ ఒళ్లో కూర్చుంటా. అప్పుడు పడిపోవు."

లోపల సొలెదాద్ వాళ్లిద్దరినీ చూసి కనుబొమలు ఎగరేసి, కుర్చీ చూపించింది. నెస్టర్ కుర్చీలో కూర్చుని కూతుర్ని తనవైపు తిప్పి రొమ్ముకు హత్తుకున్నాడు.

"ఏ చెయ్యి ముందమ్మా?"

"ఇది." ఎడమది. తర్వాత తండ్రి చెవిలో అంది: "నేను చూడను నాన్నా. నువ్వు చూడు. చూసి ఎప్పుడైపోయిందో చెప్పు."

 ఇదొక్కటి అతను అనుకోలేదు. వాటేసుకుంటాననుకున్నాడు, ఊదుతాననుకున్నాడు, కళ్లు గట్టిగా మూసుకుంటాననుకున్నాడు. ఇప్పుడు ఎవరో ఒకరు చూడాలి. పిల్ల చూడనంది. ఇక మిగిలింది తనే.

చూశాడు. నర్సమ్మ దూదితో తుడవడం చూశాడు. సన్నటి సూది ఆ చిన్న జబ్బ దగ్గరికి రావడం చూశాడు. చెవుల్లో హోరు మొదలైంది. గది అంచులు నల్లబడ్డాయి. అప్పుడు మెడ మీద చిన్న వెచ్చటి గాలి తగిలింది. తెసాయ్ ఊదుతోంది, పెదవులు సున్నాలా చుట్టి, వేడి గంజి చల్లార్చే శ్రద్ధతో. అతనూ దానితో పాటే ఊదాడు. హోరు తగ్గింది.

"అయిపోయింది" అన్నాడు. 

రెండోది నొప్పి పుట్టించింది. తెసాయ్ పెద్దగా ఏడ్చింది. ఏడుస్తూనే ఊదింది, ఊదుతూనే ఏడ్చింది. చెయ్యి మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు. "అయిపోయిందా?" అని కన్నీళ్లలోంచే అడిగింది. "అయిపోయిందమ్మా, రెండూ అయిపోయాయి" అని నెస్టర్ చెప్పేసరికి, ఎవరు ఎవర్ని పట్టుకున్నారో తెలియనట్టు ఇద్దరూ కాసేపు అలాగే ఉండిపోయారు.

"ఈ పూట ఇంత నిలకడగా కూర్చున్నవాళ్లు ఇంకెవరూ లేరు" అంది సొలెదాద్. "పిల్ల సంగతి సరే. నువ్వు కూడా."

బయటికి రాగానే తెసాయ్ ఇంటికి పదమనలేదు. ముక్కు చీదుకుని, సరాసరి బెంచీ దగ్గరికి వెళ్లి వంగి చూసింది. పసుపు గౌను పిల్ల ఇంకా అక్కడే ముడుచుకుని ఉంది.

"నొప్పెడుతుంది" అంది తెసాయ్ దానితో.

ఆ పిల్ల తల్లి ఉలిక్కిపడింది. "అదేంటమ్మా, ధైర్యం చెప్పాల్సింది పోయి?"

తెసాయ్ ఆవిడను పట్టించుకోలేదు. "ఎర్రచీమ కుట్టినంతే. తర్వాత పోతుంది. నాది ఇప్పటికే కొంచెం పోయింది. చూడు." జబ్బ మీది దూది చూపించింది. "ఎలా ఊదాలో నేర్పిస్తా, బయటికి రా."

బెంచీ కింద నుంచి ముందు ఒక చెయ్యి వచ్చింది. తర్వాత పసుపు గౌను వచ్చింది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి బుగ్గలు పూరించి ఊదడం మొదలుపెట్టారు. వరుసలో ఏడుస్తున్న ఇంకో పిల్ల ఏడుపాపి వాళ్లను చూసింది, తనూ ఊదింది. పసుపు గౌను పిల్ల లోపలికి వెళ్తున్నప్పుడు తల్లి జబ్బ పట్టుకుని లాగలేదు. ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

నెస్టర్ తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూశాడు. అతను కొండంత గంపలు ఎత్తినప్పుడు జనం మెచ్చుకున్నారు. పడవ పందెంలో గెలిచినప్పుడు భుజాల మీద మోశారు. అప్పుడెప్పుడూ ఛాతీ ఇలా నిండినట్టు అనిపించలేదు. కళ్లు తుడుచుకోవడానికి టోపీ ముందుకు లాక్కున్నాడు.

ఆ రాత్రి తెసాయ్‌కి కాస్త ఒళ్లు వెచ్చబడింది. లోర్నా తడిగుడ్డ వేసి పక్కన కూర్చుంది. జరిగిందంతా పిల్లే చెప్పింది, నాన్న ఎక్కడ తడబడ్డాడో కూడా వదలకుండా. లోర్నా మొగుడి వైపు చూసి, "అయితే చూశావన్నమాట" అంది. "చూశాను" అన్నాడు నెస్టర్. ఆవిడ చెయ్యి అతని మోకాలి మీద వేసి అలాగే ఉంచింది. లోలా పినాంగ్ మర్నాడు తెల్లారకుండానే నీళ్ల పంపు దగ్గర ఈ కథ మొదలుపెట్టింది. ఆవిడ చెప్పిన దాంట్లో సూదులు చేపలు పట్టే ఈటెలంత పొడుగున్నాయి.

వారం తిరక్కుండానే సొలెదాద్ కబురు పంపింది. కొండ అవతలి ఇళ్ల పిల్లలు ఇంకా టీకాలకు రాలేదట. దూరం ఒకటి, భయం ఒకటి. నెస్టర్ బండి మీద తీసుకురాగలడా, దారిలో పిల్లలకు నాలుగు మాటలు చెప్పగలడా అని. నెస్టర్ ఆ ఉదయం గంపల బేరం వదులుకున్నాడు. డొప్ప కడిగి, చాప పరిచాడు. బయలుదేరబోతుంటే తెసాయ్ చెప్పులేసుకుని వచ్చి డొప్పలో ముందుగా ఎక్కి కూర్చుంది.

"నీ టీకాలు అయిపోయాయిగా, నువ్వెందుకే?" అన్నాడు.

"నువ్వు సరిగ్గా చెప్పవు" అంది తెసాయ్. "పద నాన్నా, ఎండెక్కుతోంది."