చప్పుడు లేని డిస్కు

ఆ కంపెనీలో అందరూ ఆయన్ని చెవులాయన అనేవారు. ఎదురుగా కాదులెండి, వెనకాల. ఆయనకు ఆ సంగతి తెలుసు, తెలిసి లోలోపల మురిసిపోయేవాడు కూడా.

వాళ్లు తయారు చేసే డిస్క్ ప్లేయరు అల్లాటప్పా సరుకు కాదు. ఒక్కడే ఎత్తబోతే నడుం పట్టేస్తుంది. అడుగున మందపాటి ఉక్కు పలక ఉంటుంది. పాటకు విడిగా ఒక ట్రాన్స్‌ఫార్మరు, టీవీ తెర మీది బొమ్మకూ మిగతా హంగులకూ వేరే కరెంటు బోర్డు, ఒకదాని సణుగుడు రెండోదానికి సోకకుండా మధ్యలో రాగి రేకు గోడ. డిస్కు పెట్టే అర పిల్లిలా బయటికొచ్చి పిల్లిలా లోపలికి పోతుంది. ఇంత చేసినా, చెవులాయన తల ఊపితేనే ఏ మోడలైనా గడప దాటేది.

ఆయన పరీక్ష ఓ వింత. గోడలకు మెత్తటి దిండ్లు తాపిన గదిలో ఒకే ఒక్క కుర్చీ. అందులో కూర్చుని ప్లేయర్లో ఒక డిస్కు పెట్టేవాడు. ఆ డిస్కులో పాటా ఉండదు, మాటా ఉండదు. మొదట్నుంచి చివరిదాకా నిశ్శబ్దమే రికార్డు చేసి ఉంటుంది. పాట మోగుతుంటే ఎంత పనికిమాలిన యంత్రమైనా దాని చాటున దాక్కుంటుందనీ, పాట లేనప్పుడే దాని గుట్టు బయటపడుతుందనీ ఆయన వాదన.

ఈసారి మోడలుకు ముందువైపు కొత్తగా ఒక మీట పెట్టారు. అది నొక్కితే బొమ్మకు సంబంధించిన బోర్డులన్నీ ఆగిపోతాయి, ముందున్న అంకెల దీపం కూడా ఆరిపోతుంది. పాట ఒక్కటే మిగులుతుంది. దానికి మౌనం మీట అని పేరు పడింది. అది నొక్కాక యంత్రం చప్పుడు చేస్తోందో లేదో మైకు పెట్టి కొలుద్దామని పరికరాల విభాగం వాళ్లు అన్నారు. చెవులాయనకు చర్రున కోపం వచ్చింది.

"ఇన్నేళ్లుగా నేను విన్నది చాల్లేదా? ఆ మీట సంగతి నాకొదిలేయండి," అన్నాడు.

వాళ్లు మైకు పక్కన పెట్టేశారు. ఆయన గదిలోకి వెళ్లి, కళ్లు మూసుకుని విని, బయటికొచ్చి తల ఊపాడు. తయారీ మొదలుపెట్టడానికి అంతా సిద్ధమైంది.

తయారీ మొదలయ్యే ముందురోజు ఒక ప్లేయరును ఇంటికి తెచ్చుకోవడం ఆయన అలవాటు. ఆ సాయంత్రం ముందుగది బల్ల మీద దాన్ని దించి, చప్పుడు లేని డిస్కు పెట్టి, మౌనం మీట నొక్కాడు.

"కాఫీ తాగుతారా?" అని భార్య వంటింట్లోంచి కేకేసింది.

ఆయన మొహం చిట్లించాడు. ఒకప్పుడు ఆవిడ మాట పక్క మనిషికి కూడా వినపడేది కాదు. ఏడాదిగా ఏమొచ్చిందో, కాఫీ తాగుతారా అన్నా కొట్లాటకొచ్చినట్టే ఉంటోంది. క్యాంటీన్లో ఆయన ఈ మాట చెప్పి అందర్నీ నవ్వించాడు కూడా. వయసు మీద పడితే ఆడవాళ్లు అంతే అని తేల్చేశాడు.

కప్పు పట్టుకుని వచ్చిన భార్య బల్ల దగ్గర ఆగిపోయింది.

"ఏంటండీ, అది ఈల వేస్తోంది?"

"ఏ ఈల? అది నోరెత్తకుండా ఉండడానికే కదా ఇంత తంటా."

"సన్నగా వస్తోంది. చెవిలో సూది పెట్టినట్టు."

ఆయన నవ్వబోయి, ఆవిడ మొహం చూసి మానేశాడు. ఆవిడను వెనక్కి తిరిగి నిలబడమన్నాడు. మీట నొక్కాడు. "వస్తోంది," అంది. మళ్లీ నొక్కి దీపం వెలిగించాడు. "ఆగింది." నొక్కకుండానే నొక్కినట్టు నటించాడు. "ఇప్పుడేం మారలేదు." ఎన్నిసార్లు చేసినా ఆవిడ ఒక్కసారీ తప్పలేదు. ఆయన యంత్రం పైకప్పుకు చెవి ఆనించి, ఊపిరి బిగబట్టి విన్నాడు. ఏమీ లేదు. ఆయనకు అక్కడున్నది నిశ్శబ్దమే.

డిస్కు బయటికి తీసి కుర్చీలో కూర్చున్నాడు. కాఫీ చల్లారిపోయింది.

ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. ఊరుకుంటే సరిపోతుంది కదా అని కూడా అనుకున్నాడు, దాచడమెందుకు. ఇంత ఖరీదు పెట్టి కొనేవాళ్లలో సగం మంది నా ఈడు వాళ్లే, వాళ్లకూ వినపడి చావదు అనుకున్నాడు. నోరు విప్పితే ఆ కుర్చీ పోతుంది. అది పోతే తన దగ్గర ఇంకేముంది? కానీ మౌనం అని పేరు పెట్టి ఈల అమ్మడం ఆయన వల్ల కాలేదు.

పొద్దున్నే చీఫ్ ఇంజనీరు గదికి వెళ్లాడు. ఆవిడ ఒకప్పుడు ఆయన దగ్గరే పని నేర్చుకుంది, ఇప్పటికీ గురువుగారూ అనే పిలుస్తుంది.

"తయారీ ఆపించమ్మా. మీట నొక్కితే ఈల వస్తోంది. నాకు వినపడలేదు. ఇక వినపడదు కూడా."

ఆవిడ చేతిలోని పెన్ను కింద పెట్టింది.

"ఆ ఈల నేనూ విన్నాను గురువుగారూ. మీరు తల ఊపాక విన్నాను. మీరే బాగుందన్నారంటే తప్పు నా చెవిదే అనుకున్నాను."

ఆ మాట ఆయన్ని చెంపదెబ్బ కంటే గట్టిగా తాకింది. తన చెవి పోయినందుకు కాదు. తన మీద గురి కొద్దీ ఇంకో మంచి చెవి నోరు మూసుకున్నందుకు.

మధ్యాహ్నానికల్లా రోగం దొరికింది. మీట నొక్కగానే అన్ని బోర్డులూ ఆగిపోయేసరికి, వాటికి కరెంటు అందించే చిన్న బోర్డుకు పని తగ్గిపోయి, దాని తీగచుట్ట సన్నగా కూస్తోంది. దానికి ఎప్పుడూ కాస్త భారం ఉండేలా ఒక రెసిస్టరు తగిలించారు. చీఫ్ ఇంజనీరు విని, ఆగిందంది. ఈసారి మైకు పెట్టి కూడా కొలిచారు. పెట్టమన్నది చెవులాయనే. ఆ తర్వాత చప్పుడు లేని డిస్కును ఆవిడ చేతిలో పెట్టి, "ఎవరు తల ఊపినా సరే, నీకు వినపడితే వినపడిందనే చెప్పు," అన్నాడు. ఆవిడ కళ్లు తుడుచుకుంది.

ఇంటికొచ్చి భార్యకు జరిగిందంతా చెప్పాడు. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"మీ చెవి సంగతి నాకు ఏడాదిగా తెలుసండీ," అంది, ఎప్పట్లాగే గట్టిగా.

"తెలిసీ చెప్పలేదా?"

"చెప్తే మీరు ఆ గదిలోకి వెళ్లడం మానేస్తారు. మానేస్తే మీరేమైపోతారోనని భయమేసింది. నేనే గొంతు పెంచుకున్నాను, అంతే."

క్యాంటీన్లో తాను నవ్వించిన నవ్వులన్నీ ఆయనకు గుర్తొచ్చాయి. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"మరి నిన్న ఎందుకు చెప్పావు?"

"నిన్నటిది మీ పని. అందులో అబద్ధం చెప్తే నన్ను జన్మలో క్షమించరు."

"ఒక్కసారి నీ పాత గొంతుతో మాట్లాడవూ?"

ఆవిడ మెల్లగా ఏదో అంది. పెదవులు కదలడం కనిపించింది, మధ్యలో రెండు మాటలు అందాయి, మిగతావి అందలేదు. ఏమన్నావని ఆయన అడగలేదు. కుర్చీ ఆవిడ దగ్గరికి జరుపుకుని, మళ్లీ చెప్పమన్నాడు.