పదిహేడో మడి

మేం పనిచేసే విత్తన పరీక్షల పొలంలో ఆ ఏడు పన్నెండు రకాల సోయా వేశాం. ఒక్కో రకం నాలుగు చోట్ల, మొత్తం నలభై ఎనిమిది మడులు. మా వైపు చలి తొందరగా దిగుతుంది. ఒక్కసారి మంచు పేరుకుందంటే పచ్చికాయ గింజ కట్టకుండానే పాడైపోతుంది. ఆలోపే కోతకొచ్చేది, పురుగుమందూ ఎరువు బస్తాలూ లేకుండా నిలబడేది ఏ రకమో తేల్చడం మా పని. ఏది తేలితే ఆ విత్తనమే వచ్చే ఏడు చుట్టుపక్కల రైతులకు వెళ్తుంది.

మా పని అన్నాను గానీ, నడిపేదంతా కొలబద్ద అక్క. చేతిలో చెక్క స్కేలు లేకుండా ఆవిడ పొలంలో దిగగా ఎవరూ చూడలేదు. ఆ పేరు పెట్టింది మా పొలం ట్రాక్టరు నడిపే బాబాయి.

“మొగుడి మీసం కూడా వారంవారం కొలిచి రాసుకుంటుంది,” అంటాడు, ఆవిడకి వినపడేలాగే.

“ఈ వారం పెరగలేదు బాబాయ్, అందుకే రాయలేదు,” అంటుంది ఆవిడ తలెత్తకుండా.

నేను కలుపు తీయడానికి చేరినదాన్ని. తొమ్మిదో తరగతి సగంలో బడి మానేశాను. ఒకరోజు వానకి మడి గుర్తుచెక్కల మీద అంకెలు చెరిగిపోతే, ఎవరూ చెప్పకుండానే కూర్చుని దిద్దాను. అక్క అవి చూసి లావుపాటి పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. “నీ ఏడు ఒకటిలా కనపడదు. ఇకనుంచి నువ్వు రాయి,” అంది. ఏ మడి ఎప్పుడు మొలిచింది, ఎప్పుడు పూసింది, ఎప్పుడు ఆకు రాల్చింది, అన్నీ నా చేతిరాతే. బడిలో కూడా ఎవరూ నా రాతని అంత నమ్మలేదు.

అప్పటికి మా పాపకి పద్నాలుగో నెల. ఇంకా అడుగు వేయలేదు. మా అత్తయ్య రోజూ ఏదో ఒకటి అనేది. “ఎదురింటి పిల్ల పదో నెలకే వీధి కొలిచేసింది. మన మహారాణికి నేల మీద కాలు పెట్టాలంటే ఎవరైనా పిలుపు పంపాలేమో.” నవ్వుతూనే అనేది. నాకు మాత్రం అన్నం దిగేది కాదు. పాపని విత్తనాల గదిలో ఖాళీ సంచుల మీద కూర్చోబెట్టి, పని మధ్యలో పదిసార్లు వెళ్లి దాని పాదాలు నొక్కి చూసుకునేదాన్ని.

పదిహేడో మడి అన్నిటికంటే నాలుగు రోజులు ఆలస్యంగా మొలిచింది. ఆ మొలకలు సన్నగా, ఎవరో తిట్టినట్టు తలలు వంచుకుని ఉండేవి. చూస్తే మా పాపే గుర్తొచ్చేది. మడికి రెండేసిసార్లే కలుపు తీయాలని అక్క లెక్క. నేను మాత్రం అన్నాల వేళ ఎవరూ లేనప్పుడు పదిహేడులో కూర్చుని ఇంకో మూడుసార్లు తీశాను. మొక్కకి మంచి చేస్తే తప్పేముంది అనుకున్నాను.

పంట రంగు తిరిగే రోజుల్లో అక్కని చూడాలి. పొద్దున్నే వరుసల్లో నడుస్తూ, ఒక్కో కాయని చెవి దగ్గర ఊపి వినేది. గింజ గలగలమంటేనే ఎండినట్టు. నూటికి తొంభై అయిదు కాయలు గోధుమరంగుకి వచ్చేదాకా ‘కోతకొచ్చింది’ అని రాయనిచ్చేది కాదు. “తొంభై మూడు ఉన్నాయి కదక్కా,” అంటే, “అయితే రేపు వద్దాం,” అనేది.

కోతలయ్యాక విత్తనాల గదిలో తూకాలు మొదలయ్యాయి. పదిహేడో మడి రెండు కిలోల ఆరువందలు తూగింది. పొలం మొత్తంలో అదే ఎక్కువ. అది ఆరో రకం. ఆ రకమే వేసిన మిగతా మూడు మడులూ కిలో ఏడువందల దగ్గరే ఆగాయి. అయినా నాలుగూ కలిపి చూస్తే ఆరో రకమే మొదట నిలిచింది.

“రేపు పై ఆఫీసుకి జాబితా పంపాలి,” అంది అక్క, స్కేలు బల్ల మీద పెట్టి. “ఈ ఒక్క మడి ఎందుకిలా ఎగిరిందో నాకు అంతు చిక్కడం లేదు.”

నాకు తెలుసు. చెబితే పుస్తకం పోతుంది. చెప్పకపోతే, ఏ విత్తనం చల్లాలో తెలియని రైతుల చేతికి నా ముద్దు మడి విత్తనం వెళ్తుంది. వాళ్లు ఎవరూ ఐదుసార్లు కలుపు తీయలేరు.

“అక్కా, నేనే చేశాను,” అన్నాను. మొత్తం చెప్పాను. మొలకల తలలు వంగి ఉండటం, పాప నడవకపోవడం కూడా నోటికొచ్చేసింది.

అక్క బీరువాలోంచి పాత పుస్తకం తీసి ఒక పేజీ తెరిచింది. చివరి గడిలో ఆవిడ రాతే ఉంది: ‘ముప్పై ఒకటో మడిలో ఒక వరుస రెండుసార్లు విత్తాను. తప్పు నాది. ఈ మడి లెక్కలోకి రాదు.’ కింద తేదీ, సంతకం.

“ఇది పంపిన రోజు నాకు నిద్ర లేదు,” అంది. “మరుసటేడు కూడా పని నాకే ఇచ్చారు. నువ్వూ రాయి.”

పదిహేడో మడి గడిలో అదంతా రాసి సంతకం పెట్టాను. ఆవిడ పదిహేడు మీద ఎర్రగీత కొట్టి మళ్లీ లెక్క వేసింది. ఆరో రకం కిందికి దిగిపోయింది. ఎవరమూ పట్టించుకోని మూడో రకం మొదటికి వచ్చింది. నాలుగు మడుల్లోనూ ఒకేలా కాసి, మంచుకి తొమ్మిది రోజుల ముందే ఆకు రాల్చిన రకం అది.

“ఆరో రకానికి కలుపంటే పడదేమో,” అంది అక్క. “ఒక్క చోట చూసి తేల్చకూడదు. వచ్చే ఏడు నాలుగు చోట్ల రెండుసార్లు, నాలుగు చోట్ల ఐదుసార్లు తీసి చూద్దాం. ఈసారి పుస్తకంలో రాసి మరీ ముద్దు చెయ్యి.”

“పుస్తకం ఎవరు రాస్తారక్కా?”

“రాయడం మొదలుపెట్టినదానివి నువ్వే కదా,” అని స్కేలు తీసుకుని లేచింది.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి అత్తయ్య గుమ్మంలోనే ఉంది. “ఎదురింటి పిల్ల ఇవాళ మెట్లెక్కింది తెలుసా?” అంది, పాపని అందుకుంటూ.

“ఒక్క పిల్లని చూసి తేల్చకూడదట అత్తయ్యా.”

“ఎవరన్నారు?”

“మా కొలబద్ద అక్క.”

అత్తయ్య పాపని చంకలో సర్దుకుని, దాని పాదం ఒకటి అరచేతిలోకి తీసుకుంది. “ఆవిడ కొలిచే చెప్పి ఉంటుందిలే,” అంది.

ఆ పూట నాకు అన్నం దిగింది.