వేలికందే బటన్లు

పద్మ చేతిలో ఉన్నదాన్ని కెమెరా అనడానికి యశోదకు నోరు రాలేదు. సబ్బుపెట్టెకు లెన్స్ తగిలించినట్టుంది. వెనకవైపు బటన్లుండాల్సిన చోట నున్నగా ఒక స్క్రీన్. వెలుతురు పెంచాలన్నా, రంగు సరిచేయాలన్నా ఆ స్క్రీన్‌ను వేలితో తాకాలి, ఒక మెనూ తెరవాలి, దాంట్లోంచి ఇంకో మెనూలోకి దిగాలి.

"ఇది కొన్నవా, ఎవలన్న ఊకెనే ఇచ్చిన్రా?" అని అడిగింది.

"కొన్నానక్కా, విజయవాడలో. చాలా తేలిగ్గా ఉంటుంది. మెడ నొప్పి లేదు," అంది పద్మ నవ్వుతూ.

"అవును, తేలిగ్గనే ఉంటది. లోపల ఏమన్న ఉంటె గద బరువుండేది."

అది నేరేడుచర్లలో ఒక పెళ్లి. 2012 వేసవి. పెళ్లికూతురు అనురాధ ఆ ఊరి పిల్లే, గొర్లమందలున్న కుటుంబం. వాళ్ల తరఫున ఫోటోలకు మిర్యాలగూడ నుంచి యశోద వచ్చింది. మగపెళ్లివారిది కోదాడ కాబట్టి వాళ్లు పద్మను వెంటబెట్టుకుని వచ్చారు. పద్మకు పని నేర్పింది యశోదే. నాలుగైదేళ్లు తన స్టూడియోలో ఉండి, పెళ్లయి కోదాడ వెళ్లి, అక్కడ సొంతంగా స్టూడియో తెరిచింది. దాంతోపాటే మాటా మారింది. "వస్త" అనేది కాస్తా "వస్తాను" అంటోంది. యశోదకు అదీ మింగుడుపడలేదు.

యశోద కెమెరా పాతది. ఇటుకంత బరువు. పైన తిప్పే చక్రాలు, పక్కన మీటలు, వెనక వరసగా బటన్లు. ఏ పనికి ఏ బటనో వేలికి తెలుసు. చీకట్లో అన్నం కలుపుకున్నంత సులువుగా వాడేది. కన్ను మనిషి మీద ఉండాలి, వేలు బటన్ మీద ఉండాలి, ఈ రెండూ విడిపోతే ఫోటో పోయినట్టే, అని పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేది. ఫోటో తీసిన వెంటనే వెనక స్క్రీన్‌లో చూసుకునేవాళ్లంటే ఆమెకు అసహ్యం. తన వేలి మీద నమ్మకం లేనివాళ్లు చేసే పని అది.

జీలకర్రబెల్లం పెట్టే వేళకు పద్మ తలవంచుకుని స్క్రీన్ గోకుతోంది. మండపం మీద ఎర్రలైట్లు వేశారు, మొహాలన్నీ టమాటాల్లా కనిపిస్తున్నాయి. ఆ రంగు తగ్గించడానికి మెనూలో ఎక్కడికో వెళ్లినట్టుంది. ఈలోగా పెళ్లికొడుకు చెయ్యెత్తనే ఎత్తాడు. యశోద బొటనవేలితో ఒక చక్రం రెండు గాట్లు తిప్పి, టకటకా తీసేసింది.

పక్కనే వీడియో తీస్తున్న భర్త పరశురాములుతో, పద్మకు వినబడేలాగే అంది: "మెనూ సూసి ఆర్డర్ ఇచ్చింది. ఇంకా ఇడ్లీ రాలే."

పరశురాములు నవ్వాడు. పద్మ విని, చిన్నగా నవ్వి, మళ్లీ స్క్రీన్ మీదికి వంగింది. ఆ నవ్వు యశోదకు ఇంకా కోపం తెప్పించింది.

భోజనాల దగ్గర యశోద కెమెరాను సంచిలో పెట్టి, లైట్ల స్టాండుల మీద పడేసింది. తిని చెయ్యి కడుక్కునేలోపే హాలు గుమ్మం దగ్గర అలజడి. అనురాధ తాత రామనర్సయ్య వచ్చాడు. మిర్యాలగూడ దవాఖానలో పడి ఉన్న మనిషి, డాక్టరును బతిమాలి ఒక పూటకని బయటికొచ్చాడు. కూతురు బుచ్చమ్మ, అంటే పెళ్లికూతురి తల్లి, ఒకపక్క పట్టుకుంది. ఆయన మండపం ఎక్కి, మనవరాలి తల మీద అక్షింతలు వేసి, ఆమె రెండు చెంపలూ పట్టుకుని ఏదో అన్నాడు. అనురాధ ఏడుస్తూనే నవ్వింది. ముసలాయన కూడా నవ్వాడు, పళ్లు లేని నోరు నిండుగా తెరిచి.

యశోద సంచిలోంచి కెమెరా లాగి, జనాన్ని తోసుకుంటూ ముందుకెళ్లి మోకాలి మీద కూర్చుని తీసింది. చాలా తీసింది. బ్యాండువాళ్లు చెవుల్లోనే వాయిస్తున్నట్టుంది. ఒక్క ఫోటో కూడా వెనక్కి చూసుకోలేదు.

మిర్యాలగూడలో కంప్యూటర్ మీద ఫోటోలు ఎక్కించింది పరశురాములు. కాసేపటికి పిలిచాడు.

"యశోదా, జర గిటు రా. అన్నం తిన్నంక తీసినయన్ని మసకున్నయి."

"కంప్యూటర్ మసకుంది. తుడువు."

"ముందటియి మంచిగనే ఉన్నయి గద."

యశోద వచ్చి చూసింది. జీలకర్రబెల్లం అద్దంలా ఉంది. తాత ఉన్న ఫోటోలన్నీ ఆవిరి పట్టిన కిటికీలోంచి తీసినట్టున్నాయి. కెమెరా తెచ్చి చూస్తే లెన్స్ పక్కనున్న ఫోకస్ మీట కిందికి జరిగి ఉంది. సంచి స్టాండుల మీద పడ్డప్పుడు ఒత్తుకుని జరిగింది కాబోలు. మీట పైకుంటే కెమెరా తనంతట తనే ఫోకస్ చూసుకుంటుంది, కిందికుంటే మనమే లెన్స్ తిప్పి సరిచేసుకోవాలి. ఫోకస్ కుదిరినప్పుడు వచ్చే చిన్న కూత బ్యాండులో వినబడలేదనుకున్నా, తీసేటప్పుడు కంటికి మసక కనబడాలి కదా. ఆ మాట పరశురాములు అంటాడేమోనని యశోద అక్కడ నిలబడలేదు.

ఆ నెలలోనే రామనర్సయ్య పోయాడు. బుచ్చమ్మ ఫోన్ చేసింది.

"అక్కా, మా నాయిన నవ్విన ఫోటో ఒకటి పెద్దగ చేసి ఇయ్యి. దినం నాడు పెట్టుకుంటం. నవ్వంగ మాకాడ ఒక్కటి లేదు."

"ఇస్త," అంది యశోద. ఇంకేమనగలదు?

మర్నాడు కోదాడ బస్సెక్కింది. దారిపొడుగునా పద్మ ఏమంటుందో తనే ఊహించుకుని, దానికి తనే జవాబులు తయారుచేసుకుంది. అన్నీ పదునైన జవాబులే. ఒక్కటీ అవసరం రాలేదు. పద్మ విషయం విని, కంప్యూటర్ తెరిచి, ఆ ఫోటో చూపించింది. తాత నోరు, అనురాధ కళ్లలో నీళ్లు, చెంపల మీద ముడతల చేతులు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి.

"మగపెళ్లోల్ల తరఫున వచ్చినదానివి, నీకెందుకు ఈ ఫోటో?" అంది యశోద. అనేశాక తనకే సిగ్గేసింది.

"ఎదురుగా అలా నవ్వుతుంటే తీయకుండా ఎలా ఉంటానక్కా? నువ్వు నేర్పిందేగా." పద్మ ప్రింటు తీయడానికి లేస్తూ, కెమెరాను యశోద చేతిలో పెట్టింది. "ఒక్కసారి చూడు. నువ్వనుకున్నంత కష్టమేం కాదు."

యశోద మెనూ తెరిచింది. మొహానికి దగ్గరగా పెట్టుకుంది. దూరం జరిపింది. చెయ్యి పూర్తిగా చాపింది. ఇంకా చాపాలంటే చెయ్యి లేదు. తలెత్తితే ప్రింటరు దగ్గర నుంచి పద్మ చూస్తోంది.

"అక్కా, అక్షరాలు ఆనుతలేవా?" అంది పద్మ. కోదాడ మాట మరిచిపోయి, పాత మాటలో.

"అక్షరాలా అవి? చీమలు."

"ఎప్పటిసంది?"

ఎప్పటినుంచో యశోదకూ సరిగ్గా తెలియదు. కెమెరాకు కన్ను ఆనిస్తే కొంచెం మసకగా కనబడటం అలవాటైపోయింది. వెనక స్క్రీన్ చూసుకునేవాళ్లను తిట్టడం కూడా ఆ రోజుల్లోనే ఎక్కువైందని ఆ క్షణంలో గుర్తొచ్చింది. బటన్లను వేలితో తడిమి గుర్తుపట్టొచ్చు. మెనూను తడమలేం. అంతకంటే ఎక్కువ ఆలోచించడం ఇష్టంలేక ప్రింటు తీసుకుని లేచింది.

తిరుగుదారిలో నేరేడుచర్లలో దిగి బుచ్చమ్మకు ఫోటో ఇచ్చింది. బుచ్చమ్మ దాన్ని చాలాసేపు చూసి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"నీ చెయ్యి చల్లగుండ. బతికున్నట్టె ఉన్నడు."

ఊరుకుంటే సరిపోయేది. యశోద చెప్పులేసుకుని గడప దాకా వెళ్లి, వెనక్కి వచ్చింది.

"నేను తీసింది కాదది. నాయి కరాబైనయి. కోదాడ పద్మ తీసింది."

"ఎవలు తీస్తె ఏంది అక్కా," అంది బుచ్చమ్మ ఫోటో మీంచి కళ్లు తీయకుండా.

ఇంత దూరం మోసుకొచ్చిన మాట అలా గడప దగ్గరే రాలిపోయింది. ఎదుటి మనిషి తిట్టినా బాగుండేదనిపించింది యశోదకు.

కళ్లద్దాలకు మిర్యాలగూడలో వెళ్లలేదు. అక్కడ ప్రతి కొట్టువాడూ తెలిసినవాడే. సూర్యాపేట వెళ్లింది. వస్తానని పద్మ పట్టుబట్టింది, వద్దన్నా వచ్చింది. అద్దాలు చేతికొచ్చాక ఇద్దరూ బస్టాండు ఎదురుగా హోటల్లో కూర్చున్నారు. యశోద చెయ్యి చాపింది.

"తియ్యి ఆ కెమెరా."

పద్మ ఇచ్చింది. యశోద అద్దాలు సర్దుకుని మొదటి మెనూ నుంచి మొదలుపెట్టింది. తెచ్చిన చాయ్ మీద మీగడ కట్టింది. ఒక్కో పేజీ దించుతూ, ఒక్కో మాటా చదువుతూ పోయింది. చెమట పట్టిన వేలికి ఒకటి తాకితే ఇంకొకటి తెరుచుకుంటోంది. వెలుతురు పెంచేది మూడో మెనూ అడుగున, తేదీ మార్చేదాని కింద ఉంది. కూత శబ్దం ఎలా ఉండాలో ఎంచుకోవడానికి మాత్రం ఒక పేజీ నిండా రకాలున్నాయి. మొహాలు తెల్లగా చేసేదొకటి, నవ్వితే తనే ఫోటో తీసేదొకటి. ఫ్లాష్ కావాలని నొక్కితే, ఇప్పుడు కుదరదంది. ఎందుకు కుదరదో ఎక్కడా రాయలేదు.

పద్మ ఆమె మొహాన్నే చూస్తోంది. ఇక ఒప్పుకుంటుందని ఎదురుచూస్తున్నట్టుంది.

యశోద కెమెరాను బల్ల మీద పెట్టింది. అద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

"ఇన్నొద్దులు సదవరాక తిట్టిన," అంది. "ఇప్పుడు మొత్తం సదివిన. నేననుకున్న దానికంటె అధ్వానంగుంది."

పద్మ నవ్వాపుకోలేక బల్ల మీద తల వాల్చింది. యశోద నవ్వలేదు. చల్లారిన చాయ్‌ను పక్కకు జరిపి, ఇంకో రెండు తెమ్మని హోటలతనికి చెప్పింది.